పేడపురుగుకు ప్రథమ స్థానం

కొల్లూరి విశ్వపతి పేడపురుగుల మీద డాక్టరేటు పుచ్చుకున్న మనిషి. ఈ సంగతి పెళ్లిచూపులనాడు ఆయన చెప్పలేదు. కీటకశాస్త్రం అని ఊరుకున్నాడు. పెళ్లయిన కొత్తలో టిఫిను డబ్బా కోసం ఆయన సంచీలో చెయ్యి పెట్టిన భార్యకి ఆ శాస్త్రం తాలూకు ముడిసరుకు మెత్తగా తగలడంతో మిగతా వివరాలు బయటపడ్డాయి. ఆనాటి నుంచి ఆ సంచీకి వీధి అరుగు దాటి లోపలికి ప్రవేశం లేదు. ఆయన నొచ్చుకోలేదు. తన మీద తానే హాస్యమాడుకోవడం ఆయనకి మొదటినుంచీ అలవాటు. ఎదుటివాళ్లు నవ్వేలోపు తానే నవ్వేస్తే సగం అవమానం తగ్గుతుందని ఆయన లెక్క. ఆ లెక్కమీదే ఆయన ఉద్యోగమంతా గడిచింది.

ఆయన పనిచేసే కీటక పరిశోధనా కేంద్రం గోదావరి కాలువ పక్కన కొబ్బరితోట మధ్య ఉంది. వెనక ఒక పచ్చిక బీడు. ఊళ్లో పశువులు పొద్దున్నే అక్కడికి మేతకొచ్చేవి. వాటి వెనక పేడపురుగులు వచ్చేవి. వాటి వెనక విశ్వపతి వచ్చేవాడు. పురుగు పేడని ఉండగా చుట్టి, వెనక కాళ్లతో తోసుకుంటూ పోయి, గొయ్యి తీసి పాతిపెట్టి, ఆ ఉండలో గుడ్డు పెట్టేదాకా ఆయన పక్కనే గొంతుక్కూర్చుని చూసేవాడు. ఆ బీడులో నేల గుల్లబారి గడ్డి పచ్చగా ఉండడమూ, ఈగలు తక్కువగా ఉండడమూ ఆ పురుగు చలవే. ఏళ్ల తరబడి చూస్తున్నా ఆయనకి విసుగు రాలేదు. ఇంట్లో అరుగు మీద సంచీకి ఉన్నంత చోటైనా లోకంలో తనకొకటి ఉందంటే అది ఆ బీడేనని ఆయన అనేవాడు.

పక్కగది నేలపూడి సుభద్రది. ఆవిడ పురుగు వేరు. కొమ్ముపురుగు. నల్లగా, బొటనవేలంత ఉండి, నెత్తిన ఒక కొమ్ము మోసుకుంటూ తిరుగుతుంది. నేలమీద దానికి పని లేదు. చీకటి పడగానే కొబ్బరిచెట్టు తలమీదికి ఎగిరిపోయి, విచ్చుకోని లేత మొవ్వులోకి తొలుచుకుని రసం పీలుస్తుంది. ఆ మొవ్వు విచ్చుకున్నాక చూస్తే ఆకులు కత్తెరపెట్టి కత్తిరించినట్టు ఉంటాయి. చెట్టు దిగాలుపడుతుంది, రైతు అంతకన్నా దిగాలుపడతాడు. సుభద్ర ఊరూరా తిరిగి దాన్ని ఎలా చంపాలో చెప్పేది. ఆవిడ ఉద్యోగం ఆ పురుగుని చంపడం, విశ్వపతి ఉద్యోగం ఈ పురుగుని కాపాడడం. మధ్యాహ్నం ఇద్దరూ టీ తాగుతూ ఒకరి పురుగు కబుర్లు ఒకరికి చెప్పుకునేవారు. ఏ పేచీ లేదు.

పేచీ త్రివిక్రమరావుగారితో వచ్చింది.

త్రివిక్రమరావుగారు కొత్త డైరెక్టరు. తులనాత్మక పరిపాలన అనే విద్యలో శిక్షణ పొంది వచ్చారు. పోలిక లేనిదే ప్రగతి లేదని ఆయన సిద్ధాంతం. ఏ రెంటినైనా పక్కపక్కన పెట్టి ఒకటి మెరుగని తేల్చేదాకా ఆయనకి నిద్ర పట్టదు. వెనకటి ఆఫీసులో మంచినీళ్ల మోటారునీ మురుగునీళ్ల మోటారునీ పోల్చి, రెండోదాని పనితీరు పరిశుభ్రంగా లేదని పీకించేశారని చెప్పుకునేవారు. వచ్చిన వారంలోనే ఉత్తర్వు వేశారు. కేంద్రంలోని విభాగాలు తాము అధ్యయనం చేసే జీవులను పరస్పరం పోల్చి ప్రథమ, ద్వితీయ స్థానాలు నిర్ధారించవలెను. ద్వితీయ స్థానం పొందిన జీవి తాలూకు విభాగం ప్రథమ విభాగంలో విలీనమగును. విలీనమైన విభాగాధిపతి సేవలు రాజధానిలోని గణాంక కార్యాలయానికి అప్పగించబడును.

ఆ కార్యాలయం మూడో అంతస్తులో ఉంటుందని విశ్వపతి వాకబు చేసి తెలుసుకున్నాడు. కిటికీలు తెరుచుకోవట. తాను పోతే వెనక బీడులో కార్ల షెడ్డు వేస్తారని కూడా తెలిసింది.

సుభద్ర ధైర్యం చెప్పింది. ఇందులో పోల్చడానికేముంది, ఉన్నదున్నట్టు రాసేద్దాం అంది. ఇద్దరూ కలిసి ఒక పేజీ రాసి పంపారు. కొమ్ముపురుగు చెట్టు తల మీద ఉంటుంది, మొవ్వు తింటుంది, రాత్రి తిరుగుతుంది. పేడపురుగు నేలమీద ఉంటుంది, పేడ తింటుంది, పగలు తిరుగుతుంది. మొదటిది తోటకి కీడు, రెండోది నేలకి మేలు. దేని బతుకు దానిది. ఆ కాగితం సాయంత్రానికే తిరిగొచ్చింది. 'దేని బతుకు దానిది' అనునది శాస్త్రీయ నిర్ధారణగా పరిగణింపజాలమని పక్కన రాసి ఉంది.

మర్నాడు సమావేశం పెట్టారు. అక్కడ విశ్వపతి నోరు జారాడు. జారడమంటే పొరపాటున కాదు. ఆ మాట ఆయన ముందురోజు రాత్రే తయారుచేసుకున్నాడు. సరదాగా అన్నట్టు అనాలని అద్దం ముందు రెండుసార్లు అనుకుని మరీ వచ్చాడు.

"వేరువేరు చోట్ల ఉంటే ఎవరి సత్తా ఏమిటో ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు. "రెంటినీ ఒకేచోట పెట్టి, ఒకే తిండి పెట్టి చూస్తే తేలిపోతుంది."

ఒకేచోట అంటే ఆయన ఉద్దేశం తన బీడు. ఒకే తిండి అంటే పేడ. సుభద్ర చప్పున ఆయన వైపు చూసింది. ఆయన బల్లమీద గ్లాసు వైపు చూశాడు.

త్రివిక్రమరావుగారి ముఖం వెలిగిపోయింది. ఇన్నాళ్లకి ఈ కేంద్రంలో ఒక ఆలోచనాపరుడు కనిపించాడన్నారు. విశ్వపతి వినయంగా తల వంచుకున్నాడు. వంచిన తల ఎత్తేలోపే డైరెక్టరుగారు ఆ ఆలోచనని అందుకుని ముందుకి సాగిపోయారు. నేలమీద పెడితే పేడపురుగుకి పక్షపాతం చూపినట్టవుతుంది. చెట్టుమీద పెడితే కొమ్ముపురుగుకి పక్షపాతం చూపినట్టవుతుంది. కాబట్టి నేలకీ చెట్టు తలకీ సరిగ్గా మధ్య ఒక మంచె కట్టి, దాన్ని సమాన అవకాశ ఆవాసంగా ప్రకటించాలి. ఆహారం సగం పేడ, సగం మొవ్వు, కలిపి రుబ్బినది. రెండు విభాగాలూ చెరొక ప్రతినిధి పురుగుని నామినేట్ చేయవలెను. ఇవన్నీ విశ్వపతిగారి ప్రతిపాదన మేరకేనని నమోదు చేయించారు.

బయటికొచ్చాక సుభద్ర, "నేను దాన్ని చంపడానికి జీతం తీసుకుంటున్నానండీ. ఇప్పుడు దాన్ని గెలిపించాలి, లేకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. బాగుంది," అంది. విశ్వపతి నవ్వేశాడు. ఆవిడ నవ్వలేదు. తాను ముందుగా నవ్వినా అవమానం తగ్గకపోవడం ఆయనకి అదే మొదటిసారి.

మంచె లేచింది. నాలుగు కొబ్బరిచెట్లకి దూలాలు బిగించి, పైన పలకలు పరిచి, ఎక్కడానికి నిచ్చెన వేశారు. మిశ్రమాహారానికి పేడ కావాలి. డైరెక్టరుగారికి కొరత అనే మాట గిట్టదు. బీడులో పడిన పేడనంతా పూటపూటకీ ఎత్తించి తోటలో చెట్ల మొదట్లో గుట్ట పోయించమన్నారు. దీనికి మాత్రం సుభద్ర గట్టిగా అడ్డం తిరిగింది. కొమ్ముపురుగు గుడ్లు పెట్టేది పాత పెంటలోనే. దాని పిల్లపురుగులు పెరిగేది అక్కడే. తోటలో పెంటకుప్ప ఉంచొద్దని ఊరూరా తిరిగి చెబుతున్నది తానే, ఇప్పుడు తన కేంద్రంలోనే గుట్ట పోస్తే రైతుల ముందు తలెత్తుకోగలనా అని అడిగింది. అభ్యంతరం నమోదు చేయడమైనదని డైరెక్టరుగారు చెప్పారు. నమోదు చేశారు కూడా. గుట్ట ఇంకాస్త పెరిగింది.

ఒక మంచి రోజు చూసి రెండు పురుగుల్నీ మంచె మీద ప్రవేశపెట్టారు. పేడపురుగు వీపున పసుపుచుక్క, కొమ్ముపురుగు వీపున తెల్లచుక్క పెట్టారు. రిబ్బను కత్తిరించారు. పోటీకి కొలమానం ఏమిటన్న ప్రశ్న వచ్చింది. బలమా, తిండా, ఆయుష్షా? ఇవన్నీ జీవిని బట్టి మారతాయి, మారేవాటితో కొలవకూడదని డైరెక్టరుగారు సెలవిచ్చారు. ఏ జీవికైనా, ఏ ఉద్యోగికైనా వర్తించే కొలమానం ఒకటే ఉంది. హాజరు. రోజూ పదింటికీ ఐదింటికీ నిచ్చెనెక్కి ఎవరున్నారో, ఎవరు లేరో చూసి వేస్తే చాలు.

కొమ్ముపురుగు మొదటి సాయంత్రమే రుబ్బిన మిశ్రమం చుట్టూ ఒకసారి తిరిగి, రెక్కలు విప్పి, బుర్రుమని చెట్టు తలమీదికి పోయింది. పదింటికి లేదు. ఐదింటికి లేదు. మర్నాడూ అంతే. అది పగలు మొవ్వులో దాక్కుని రాత్రి పని చేస్తుందని సుభద్ర చెప్పింది. రాత్రిపనికి హాజరు వేసే నిబంధన లేదన్నారు. ముందస్తు అనుమతి లేకుండా విధులకు గైర్హాజరైనందుకు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెనని ఒక మెమో తయారైంది. చిరునామాదారు అందుబాటులో లేనందున దాన్ని కొబ్బరిచెట్టు మొదలుకి అంటించారు. గడువు దాటాక రెండోది అంటించారు.

పేడపురుగు పాపం ప్రయత్నం చేసింది. ఆ నీళ్ల ముద్దని ఉండగా చుట్టాలని చూసింది. ఉండ నిలవలేదు. పలకమీద గొయ్యి తీయాలని చూసింది. పలక లొంగలేదు. వారం తిరక్కుండా ఒకనాటి పొద్దున విశ్వపతి నిచ్చెనెక్కి చూసేసరికి వెల్లకిలా పడి ఉంది. కాళ్లారూ గుండెల మీదికి ముడుచుకుని ఉన్నాయి. వేలితో కదిపాడు. ఎండుటాకంత తేలికగా కదిలింది. బీడులోంచి దాన్ని స్వయంగా ఏరి తెచ్చింది ఆయనే. మెరుగైనది కావాలని బాగా వెతికి మరీ తెచ్చాడు.

ఆయన నిచ్చెన దిగేలోపే కింద త్రివిక్రమరావుగారు ఉన్నారు. తనిఖీకి వచ్చి, నడుం నొప్పి వల్ల సగం మెట్లే ఎక్కి, మెడ సాచి చూశారు.

"అదేమిటి, మీది కదలడం లేదు?"

చచ్చిపోయిందండి అనడానికి విశ్వపతి నోరు తెరిచాడు. మూడో అంతస్తూ, తెరుచుకోని కిటికీలూ, బీడులో కార్ల షెడ్డూ వరసగా కళ్లముందు నిలబడ్డాయి.

"స్థిరత్వమండి," అన్నాడు.

డైరెక్టరుగారు ఆ మాటని నోట్లో వేసుకుని చప్పరించినట్టు ఒకటికి రెండుసార్లు అనుకున్నారు. స్థిరత్వం. ఈ సుగుణం రెండో పురుగులో మచ్చుకైనా లేదన్నారు. పసుపుచుక్కకి హాజరు వేయించి వెళ్లారు. ఆనాటి నుంచి రోజూ రెండుపూటలా పసుపుచుక్కకి హాజరు పడుతూనే ఉంది. చీమలు రాకుండా విశ్వపతి ఎవరూ చూడనప్పుడు దాని చుట్టూ సున్నపు గీత గీసి వచ్చేవాడు. పాతికేళ్ల పరిశోధనా జీవితంలో తాను వేసిన అత్యంత సమర్థమైన గీత అదేనని ఆయనకి తెలుసు. దాన్ని తలుచుకుని నవ్వుకుందామని చూశాడు. నవ్వు రాలేదు.

వానలొచ్చాయి. పెంటగుట్ట మాగింది. గుట్టలోంచి నల్లటి కొమ్ములు ఒక్కొక్కటే బయటికి రావడం మొదలైంది. కేంద్రం తోటలో విచ్చుకున్న ప్రతి ఆకూ కత్తిరించినట్టే విచ్చుకుంది. కాలువ అవతలి నుంచి పాపారావు అనే రైతు కత్తిరింపులు పడిన కొబ్బరిమట్ట ఒకటి భుజాన వేసుకుని వచ్చాడు. సుభద్ర గది తలుపు వేసి ఉంది. ఫలితాలు వెలువడేదాకా పోటీలో ఉన్న పురుగుకి వ్యతిరేకంగా సలహాలివ్వరాదని ఆవిడకి ఉత్తర్వు అందింది. పాపారావు విశ్వపతి దగ్గరికొచ్చాడు.

"ఆయ్, అమ్మగారు లేరాండి? ఈ పురుగులు మీ పెంట్లోంచే లెగిసొత్తన్నాయండి. ఆ గుట్ట తీయించేత్తే సరిపోద్ది కదండి."

అది గుట్ట కాదు, ప్రామాణిక ఆహార నిల్వ అని విశ్వపతి చెప్పాడు. చెబుతున్నప్పుడే తన గొంతు త్రివిక్రమరావుగారి గొంతులా ఆయనకే వినిపించింది. పాపారావు మట్టని అక్కడే వదిలేసి వెళ్లాడు.

ఫలితాలు ప్రకటించారు. పసుపుచుక్క, పేడపురుగు, హాజరు నూటికి నూరు, ప్రథమ స్థానం. తెల్లచుక్క, కొమ్ముపురుగు, హాజరు సున్న, ద్వితీయ స్థానం. విజేతకీ విజేత విభాగాధిపతికీ సన్మానం సాయంత్రం ఆరింటికి, కేంద్రం హాల్లో. అదే సభలో సుభద్రకి వీడ్కోలు కూడా జరుపుతారని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

సభకి ముందు వరండాలో ఆవిడ ఒక్కతే నిలబడి ఉంది. విశ్వపతి తప్పించుకుని లోపలికి పోబోయాడు. ఆవిడ పిలిచింది.

"అది చచ్చిందని మీకెప్పుడు తెలిసిందండీ?"

అబద్ధం ఆడటానికి ఆయనకి ఓపిక లేకపోయింది. "మొదటి వారంలోనే."

"మరి చెప్పలేదేం?"

"చచ్చిందా అని ఎవరూ అడగలేదండీ."

ఆవిడకి కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు. "నేను చంపాల్సిన పురుగేమో చెట్టుమీద హాయిగా ఉంది. మీరు కాపాడాల్సిందేమో ఇలా అయింది. మనిద్దరిలో ఎవరి పని ఎవరు చేశామండీ?" అంది. తన మీద వేసుకోవడానికి ఎప్పుడూ చేతిలో ఉండే ఛలోక్తి ఆయనకి ఒక్కటీ దొరకలేదు.

వేదికమీద మధ్యలో చిన్న పట్టుగుడ్డ పరిచి, గాజుపెట్టెలో పసుపుచుక్కని పెట్టారు. కాళ్లు ముడుచుకున్న తీరు నమస్కారంలా ఉందని ముందు వరసలో ఎవరో మెచ్చుకున్నారు. త్రివిక్రమరావుగారు మాట్లాడుతూ ఉండగా బయట చీకటి పడింది, హాల్లో ట్యూబులైట్లు వెలిగాయి. స్థిరత్వం గురించి వాక్యం సగంలో ఉండగా కిటికీలోంచి బుర్రుమని ఒక నల్లటి ముద్ద దూసుకొచ్చి, లైటుకి ఠంగున తగిలి, గాజుపెట్టె పక్కనే మైకు బల్లమీద వెల్లకిలా పడింది. ఆరు కాళ్లూ గాలిలో ఆడిస్తూ గిరగిర తిరిగింది. తిరిగి తిరిగి బోర్లా పడింది. వీపున తెల్లచుక్క, సగం చెరిగిపోయి, ఇంకా కనిపిస్తోంది.

"ఏమిటిది?" అన్నారు డైరెక్టరుగారు, మైకుతో సహా వెనక్కి జరిగి.

సుభద్ర లేచి వచ్చి దాన్ని అరచేతిలోకి తీసుకుంది. "మెమోలు అందుకున్నవాడేనండి. డ్యూటీకి వచ్చాడు. వీడి వేళ ఇదే."

త్రివిక్రమరావుగారు వాచీ చూసుకున్నారు. ఐదు దాటిన తరువాత హాజరు వేయడానికి వీలులేదన్నారు. సభ మళ్లీ సర్దుకుంది. గాజుపెట్టెలో ఒక పురుగు, సుభద్ర అరచేతిలో ఒక పురుగు. ఒకటి కదలడం లేదు, ఒకటి ఆవిడ వేళ్లని కొమ్ముతో పొడుస్తోంది. హాల్లో ఉన్నవాళ్లందరికీ రెండూ కనిపిస్తూనే ఉన్నాయి. ఒక్కరూ ఏమీ అనలేదు. ఆ మౌనం విశ్వపతికి బాగా తెలిసిన మౌనమే. అయినా ఇంతమంది కలిసి చేస్తుంటే చూడటం ఆయనకి భరించరానిదిగా తోచింది. శాలువా కప్పబోతుంటే చేత్తో ఆపి మైకు దగ్గరికి వెళ్లాడు.

"మా పురుగు చచ్చిపోయిందండి," అన్నాడు. "మొదటి వారంలోనే పోయింది. ఆ తిండి అది తినలేదు, ఆ చోట బతకలేదు. నాకు తెలుసు. నేనే చెప్పలేదు."

ఇంతకాలానికి ఒక నిజం చెప్పగలిగాడు. ఇక మూడో అంతస్తుకి పోవలసిందే. పోతే పోయింది అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు.

త్రివిక్రమరావుగారు గాజుపెట్టె వంక ఒకసారి చూసి మైకు అందుకున్నారు.

"మిత్రులారా, గమనించండి. మరణించిన తరువాత కూడా ఇది విధులకు ఒక్కరోజు గైర్హాజరు కాలేదు. స్థానం విడవలేదు. సెలవు కోరలేదు. పై అధికారులకు ఒక్క అభ్యంతరం తెలుపలేదు. చనిపోయినది చేయగలిగిన పని బతికున్నవారు ఎందుకు చేయలేకపోతున్నారో ఆత్మపరిశీలన చేసుకోవలసిన సమయం ఆసన్నమైంది."

చప్పట్లు మొదటి వరసలో మొదలై చివరి వరసదాకా పోయాయి. విశ్వపతి భుజాల మీద శాలువా పడింది. ఆయన కూర్చున్నాడు. సుభద్ర పురుగుని పట్టుకుని మెట్లు దిగుతూ ఆయన దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఇన్నేళ్లలో దీన్ని చంపబుద్ధి కాకపోవడం ఇదే మొదటిసారి అని చెప్పి, బయటికెళ్లి చీకట్లోకి ఎగరేసి, అటునుంచి అటే వెళ్లిపోయింది.

మర్నాడు పదింటికి విశ్వపతి గదిలోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఇప్పుడు రెండు విభాగాలూ ఆయనవే. కిటికీలోంచి బీడు కనిపిస్తోంది. దాన్ని ఆయన నిలబెట్టుకున్నాడు. షెడ్డు రాలేదు. కానీ పేడ పడగానే ఎత్తించి గుట్టకి తరలించమన్న ఉత్తర్వు ఇంకా అమల్లోనే ఉంది. తిండి లేక పేడపురుగులు ఎప్పుడో బీడు విడిచి ఎటో పోయాయి. నేల గట్టిపడి తెల్లగా మెరుస్తోంది. పశువులు అటు రావడం మానేశాయి. ఆయన చేతులు గుండెల మీద కట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు.

అటెండరు కొత్త ఉత్తర్వు తెచ్చాడు. పసుపుచుక్కను సిబ్బంది అందరికీ ఆదర్శ ప్రమాణంగా ప్రకటించారు, చదివినట్టు సంతకం కావాలి. "సార్" అన్నాడు. మళ్లీ కాస్త గట్టిగా "సార్" అన్నాడు. విశ్వపతి పలకలేదు, కదలలేదు. అటెండరు కాసేపు చూసి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి, పక్కగదిలో గుమాస్తాతో మెల్లిగా చెప్పాడు.

"సారుకి హాజరేసేయండి. స్థిరంగా ఉన్నారు."